పిలిచానే గాని అడగలేదట

ఆ శిక్షణ తరగతి ఖమ్మంలో, మా పత్రిక ఆఫీసు పై అంతస్తులో పెట్టారు. భద్రాచలం రోడ్డు మీది ఊళ్ల నుంచి, మణుగూరు నుంచి, కల్లూరు నుంచి వార్తలు రాసి పంపే మేమంతా పొద్దున్నే బస్సులెక్కి వెళ్లాం. రాసేవాళ్లు తెలుసుకోవలసిన చట్టం, చెప్పదలచింది సూటిగా చెప్పడం, ఇదీ ఆనాటి పాఠం. నేను ముందు వరుసలో కూర్చున్నాను. వెనక కూర్చునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

పాఠం చెప్పింది మా డెస్కు ఇన్‌చార్జి. మధిర ఆవిడ, నలభైకి దగ్గర్లో ఉంటుంది. లా చదివి కొంతకాలం కోర్టులో వాదించి, అక్కడి వాయిదాలతో విసిగి పత్రికలో చేరింది. నేను పంపే ప్రతి వాక్యం ఆవిడ చూశాకే అచ్చుకు వెళుతుంది.

"ఒకాయన మీద ఆరోపణ వచ్చింది. రాసే ముందు మీరేం చేస్తారు?" అని అడిగింది.

"వేరే పేపరోళ్లు రాసిండ్రా లేదా చూస్తం మేడం," అన్నాడు వెనక నుంచి మణుగూరు విలేకరి.

"రాస్తే?"

"అదే పెడ్తం."

"వాళ్లు తప్పు రాసుంటే?"

"అందరం గదే తప్పు రాస్తిమంటే ఇగ అది తప్పెట్ల అయితది?"

గదంతా గొల్లున నవ్వింది. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది ఆవిడే. "వార్త ఒకటే పంచుకుంటారు గానీ, నోటీసులు మాత్రం ఎవరివి వాళ్లకే వస్తాయి అన్నా," అంది. ఆ తరువాత తెర మీద ఒక వాక్యం చూపించింది. ఎవరు రాశారో చెప్పలేదు. నాకు చెప్పనక్కరలేదు, అది నాదే. వాగు అవతలి ఊరి గురించి, పాలకుల నిర్లక్ష్యం నుంచి మొదలై పేజీ అంచు దాకా సాగిన వాక్యం. దాన్ని ఆవిడ మా కళ్లముందే కొట్టేస్తూ పోయింది. చివరికి మిగిలింది ఇది: "వాగు పొంగితే ఈ ఊరికి దవాఖానా లేదు."

నా పక్కన కూర్చున్నాయన "అబ్బ" అన్నాడు. ఆవిడ మీద కోపం వచ్చి ఉంటే ఆ మధ్యాహ్నం భోజనం సయించేది. నాకు కలిగింది అసూయ. ఆ వాగు చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ని నేను. ఆ ఊరి మనుషులను పేరుపేరునా ఎరిగినవాణ్ని నేను. మధిర రైల్వే స్టేషన్ పక్కన పెరిగిన మనిషి, ఒక్కసారి కూడా ఆ వాగు దాటని మనిషి, నా నోటిలోని మాటను నాకన్నా ముందు చెప్పేసింది.

మా కుటుంబం సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా తాత కాలంలో మా చుట్టుపక్కల ఊళ్లలో కాగితం మీద రాత అంటే మా ఇంటి రాతే. తహసీల్దారుకు అర్జీ పెట్టాలన్నా, అడవి శాఖ వాళ్ల మీద ఫిర్యాదు చేయాలన్నా జనం మా అరుగు దగ్గరికి వచ్చి చెప్పుకునేవారు. తాత విని, ఉర్దూలోనో తెలుగులోనో రాసి ఇచ్చేవాడు. ఎవరి గోడు వాళ్లు వచ్చి చెప్పుకోవడం, మేము రాయడం, అదే పద్ధతి. భూములు తరువాత పోయాయి. కొన్ని చట్టప్రకారం అడవి గూడేల వాళ్లకే తిరిగి చేరాయి, కొన్ని కోర్టుల్లో కరిగాయి, మిగిలినవి మా నాన్న స్వయంగా అమ్ముకున్నాడు. ఎవరినీ నిందించను. ఇప్పుడు నేను భద్రాచలం వెళ్లే రోడ్డు మీది ఒక చిన్న టౌనులో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. ఆస్తి మిగలలేదు గాని రాత మిగిలింది. ఆదివారం పేజీలో నా కాలమ్ వస్తుంది. బజారులో నడుస్తుంటే ఇంకా నలుగురు లేచి నిలబడుతున్నారంటే అది దానివల్లే.

తరగతి అయిన కొన్ని వారాలకు ఒక గూడెం నుంచి రైతులు మా ఇంటికి వచ్చారు. మిరప వేశారు. మొక్క నడుము దాకా పెరిగింది, పూత వచ్చి రాలిపోయింది, కాయ పట్టలేదు. నేను వాళ్ల ఆటోలోనే వెళ్లి చూశాను. పచ్చగా, ఏపుగా, దూరం నుంచి చూస్తే కన్నుల పండుగగా ఉన్న చేను. దగ్గరికి వెళ్లి కొమ్మలు విడదీస్తే ఏమీ లేదు. వ్యవసాయ అధికారి వచ్చి మొక్కలు పీకించి పరీక్షకు తీసుకెళ్లాడు. విత్తనాల ప్యాకెట్లన్నీ మా టౌనులోని ఒకే దుకాణంలో కొన్నవి.

ఆ దుకాణదారు తండ్రి మా ఇంట్లో జీతగాడిగా బతికాడు. దుకాణం ఉన్న స్థలం ఒకప్పుడు మా బండ్ల కొట్టం. నాన్న దాన్ని అమ్మింది వీళ్లకే. అమ్మాక నేను ఆ వైపు నడవడం మానేశాను.

ఆరోపణ వచ్చినాయన మాట కూడా తీసుకోవాలని తరగతిలో చెప్పారు. నాకది కొత్త సంగతేమీ కాదు, మా తాత కూడా ఇరువైపులా వినేవాడు. దుకాణానికి ఎదురుగా టీ హోటల్ ఉంది. ఆ హోటలాయనతో కబురు పంపాను. విత్తనాల సంగతిలో నీ మాట ఏమైనా ఉంటే వచ్చి చెప్పుకో అని. అతను రాలేదు. ఇంకోసారి పంపాను, అప్పుడూ రాలేదు. వార్త రాశాను. గూడెం చేలు, ఖాళీ కొమ్మలు, ప్యాకెట్లు, అన్నీ చూసినవి చూసినట్టే రాశాను. దుకాణదారు కాయదని తెలిసే అమ్మాడని రాశాను. వివరణ కోరినా స్పందించలేదని కూడా రాశాను. ఆ వారం డెస్కు ఇన్‌చార్జి బంధువుల పెళ్లికని మధిర వెళ్లింది. నా వాక్యాలు ఎవరూ ముట్టకుండా అచ్చయ్యాయి. ఆ ఆదివారం నేను చాలా సంతోషంగా ఉన్నాను.

తరువాత లాయరు నోటీసు వచ్చింది. అందులో మూడు సంగతులు రాశారు. దుకాణదారు మాట తీసుకోకుండా రాశారు. తెలిసే అమ్మాడనడానికి ఆధారం లేదు. రాసినాయన పూర్వం ఆ స్థలానికి యజమాని, కాబట్టి ఇది పాత కక్షతో రాసిన రాత. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, నా పేరుతో క్షమాపణ వేయాలి. లేకపోతే పరువు నష్టం కింద కోర్టుకు వెళతామన్నారు.

ఖమ్మం నుంచి ఎడిటర్ ఫోన్ చేశాడు. నాకన్నా వయసులో చిన్నవాడు, మర్యాదస్థుడు.

"సార్, ఒక్కమాట. క్షమాపణ వేయాల్సి వస్తే ఇగ మీ కాలమ్ నడపలేం. మేనేజ్‌మెంట్ రూల్ అది, నా చేతుల లేదు. రేపు మేడం మీ దగ్గరికి వస్తది. ఆమె ఎట్ల చెప్తే గట్ల చేయండి."

కాలమ్ పోతుందన్న మాట కన్నా ఆ చివరి మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె ఎట్లా చెబితే అట్లా.

మరునాడు వచ్చింది. మా ముందు గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. మా ఆవిడ టీ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అన్నా, ఆయనకి ఫోన్ చేశారా?" నన్ను అన్నా అని పిలిచేవాళ్లు రక్తసంబంధీకులే. పత్రికల్లో అందరూ అందరినీ అలాగే పిలుచుకుంటారట.

"కబురు పంపాను."

"ఎవరితో?"

"ఎదురు టీ హోటలాయనతో. రెండుసార్లు పంపాను."

"ఏమని?"

"వచ్చి తన మాట చెప్పుకోమని."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "దుకాణం ఇక్కణ్నుంచి ఎంత దూరం?"

"నడిచి వెళ్లవచ్చు."

"మరి మీరెందుకు వెళ్లలేదు?"

గుమ్మంలోంచి మా ఆవిడ అందుకుంది. "నేను ముందే చెప్పిన మేడం, ఫోన్ చేస్తే మీ సొమ్మేం పోతది అని. ఈయన ఫోన్ల కూడ పెద్దమనిషే. అవతలోల్లు మాట్లాడేదాక హలో అనడు."

ఇన్‌చార్జి నవ్వు ఆపుకుంది. మర్యాదకే ఆపుకుంది, అది నాకు కనిపించింది. "మీరు పిలిచారు అన్నా. అడగలేదు," అంది. "అడగడమంటే ఆరోపణ ఇదీ అని ఆయనకి చెప్పాలి. మీరేమంటారని అడగాలి. జవాబు చెప్పుకోడానికి టైమివ్వాలి. పిలిస్తే రాలేదు, అంతే. అది నేరం కాదు కదండీ."

"మా ఇంటి పద్ధతి అది. కబురు పంపితే గౌరవించినట్టు."

"ఆయనకి అలా అనిపించలేదు మరి."

తరువాత చట్టం సంగతి చెప్పింది. తరగతిలో చెప్పినట్టు కాకుండా, కూరగాయల బేరం చెప్పినంత తేలికగా చెప్పింది. రాసింది నిజమైతే, దాని వల్ల జనానికి మేలుంటే, కోర్టులో మనకు నిలబడే చోటుంటుంది. చేను కాయలేదు, నిజం. ప్యాకెట్లు అక్కడివే, నిజం. రైతులున్నారు, అధికారి ఉన్నాడు. అంతవరకు భయం లేదు.

"కానీ 'తెలిసే' అని రాశారు. ఆయన మనసులో ఉన్నది మీకెలా తెలుసు?"

"వాళ్ల తండ్రి కాలం నుంచి ఎరుగుదును ఆ ఇంటిని."

"వాళ్ల లాయరు రాసిందీ అదే కదన్నా," అంది.

ఆ మాటకు మా ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఇంత చిన్న వాక్యాలు ఈవిడకు ఎక్కడి నుంచి వస్తాయి? నేను ఎన్నో పుస్తకాలు చదివాను, తాత పక్కన కూర్చుని పలకమీద కాదు, అర్జీల వెనక అక్షరాలు దిద్దాను. నాకు రాని విద్య ఈవిడకు ఎవరిచ్చారు?

దుకాణానికి తానే వెళతానంది. నేను టీ హోటల్ దాకా వెళ్లి అక్కడే ఆగాను. ఎదురుగా అంతా కనిపిస్తోంది. దుకాణదారు లేచి స్టూలు తుడిచి వేశాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఆవిడ ఏదో అడిగింది. అతను మొదట చేతులు కట్టుకుని రెండు ముక్కలు మాట్లాడాడు. ఆవిడ మళ్లీ అడిగింది. అతను చేతులు విప్పాడు. ఇంకాసేపటికి బీరువా తెరిచి బిల్లులు తీసి కౌంటరు మీద పరిచాడు. ఒకసారి నవ్వాడు కూడా.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలిసిన మనిషి. మా కొట్టంలో ఎడ్ల పక్కన ఆడుకున్నవాడు. నాతో ఏనాడూ "అవ్ దొరా", "సరే దొరా" దాటి మాట్లాడి ఎరుగడు. ఇంతగా నోరు విప్పే మనిషని, నవ్వితే బుగ్గ మీద గుంట పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఊరుగాని ఊరి మనిషి కూల్‌డ్రింక్ చల్లదనం పోకముందే అదంతా సంపాదించుకుంది.

"మేడం గట్టిదే దొరా," అన్నాడు టీ హోటలాయన నా పక్కకు వచ్చి. "మా సేటు నోరిప్పుడంటే మాటలా? నేను రోజూ చాయ్ పోస్త, నాతోనే మాట్లాడడు."

"నేను చెప్పిన కబురు సరిగ్గా చెప్పావా?"

"చెప్పిన దొరా. దొర పిలుస్తుండు, పొమ్మన్న. 'ఎందుకు, మా నాయన లెక్క వాకిట్ల నిలబడనీకా' అన్నడు. గది మీకెట్ల చెప్పాలె?"

నేను టీ తాగకుండా లేచాను.

ఇంటికి వచ్చాక ఆవిడ, దుకాణంలోనే ఫోనులో రాసి అతనికి చూపించిన వివరణను నాకూ చూపించింది. "ఆ చేలల్లో మిరప కాయలేదు. విత్తనాలు ఆ దుకాణంలో కొన్నవే. వాటిని టోకు వ్యాపారి దగ్గర బిల్లుతో కొన్నానని దుకాణదారు చెబుతున్నారు, బిల్లులు చూపించారు. తెలిసి అమ్మారన్న మాటకు మా దగ్గర ఆధారం లేదు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. ఆ స్థలం గతంలో మా రచయిత కుటుంబానిది. వార్తకు ముందు ఆయన దుకాణదారును నేరుగా అడగలేదు."

తీసేయదగ్గ మాట ఒకటి దొరుకుతుందేమోనని మళ్లీ మళ్లీ చదివాను. దొరకలేదు. ఎక్కడా బతిమాలలేదు, ఎక్కడా బుకాయించలేదు. గూడెం వాళ్ల పక్క వదల్లేదు, దుకాణదారుకు చెందవలసింది ఎగ్గొట్టలేదు. నేను జన్మలో ఎవరి ముందూ నడుము వంచలేదని చెప్పుకుంటాను. ఆ వాక్యాలు నాకన్నా నిటారుగా ఉన్నాయి. వాటి కింద నా పేరు ఉంటే ఎంత బాగుండేదనిపించింది. వాటిలో నా తప్పే రాసి ఉందన్నది ఆ తరువాత గుర్తొచ్చింది.

"చివరి వాక్యం తీసేయండి," అన్నాను.

"అది తీసేస్తే మిగతాదేదీ ఆయన నమ్మడన్నా. అయినా ఆయన దీనికీ ఒప్పుకోవట్లేదు. క్షమాపణ అనే మాట కావాలంటున్నాడు. అదీ మీ పేరుతో."

"మీరు ఇంకోసారి మాట్లాడి చూడండి. మీతో మాట్లాడుతున్నాడుగా."

ఆవిడ సంచీ భుజాన వేసుకుంది. "నేను అడగాల్సినవి అడిగేశాను. ఇక మీ వంతు. వెళ్లి అడుగుతారా, మళ్లీ కబురు పంపుతారా?"

కాలమ్ కోసం వెళ్లానంటే అది నిజమే. కానీ దానికన్నా ఆ స్టూలు మీద ఆవిడ కూర్చున్న తీరే నన్ను ఎక్కువగా కదిలించింది. మరునాడు పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని ఆ దుకాణం మెట్లెక్కాను. లోపల పురుగుమందు డబ్బాల కోసం వచ్చిన రైతులు ఉన్నారు. నన్ను చూసి అతను అలవాటుగా లేచాడు. లేచినందుకు తన మీద తనకే చిరాకు పడ్డట్టు మళ్లీ కూర్చున్నాడు.

"ఏం కావాలె సార్?" అన్నాడు. దొరా అనలేదు.

"ఒక మాట అడుగుదామని వచ్చాను."

"లాయర్‌తోని మాట్లాడుండ్రి."

"ఆయనకు తెలిసే సంగతి కాదు. మీకు తెలిసింది." మీకు అని అతనితో అనడం అదే మొదటిసారి. నా నోటికి అది కొంచెం ఎత్తు మెట్టులా తగిలింది. "ఆ విత్తనం కాయదని అమ్మేటప్పుడు మీకు తెలుసా?"

ఒక రైతు ఎత్తిన డబ్బాను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. దుకాణదారు నా ముఖంలోకి చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. కూర్చోమని అతను అనలేదు, నేను ఎదురు చూడలేదు.

"గింత ముచ్చట అప్పుడే వచ్చి అడిగితే అయిపోతుండె గద," అన్నాడు చివరికి. "తెలిస్తే మా బావమరిది చేన్ల ఎందుకు వేపిస్త సార్? నేనే చెప్పి వేపిచ్చిన, మంచి రకం అని. పోయి చూడుండ్రి, కల్లూరు కాడ. నా ఛాతి దాక పెరిగింది, ఒక్క కాయ లేదు. మా ఆమె నాతోని సక్కగ మాట్లాడుతలేదు. మా తమ్ముణ్ణి ముంచినవ్, ఏ ముఖం పెట్టుకొని పుట్టింటికి పోవాలె అంటది."

డబ్బా పట్టుకున్న రైతు పకపకా నవ్వాడు. "గందుకే సేటు రెండ్రోజుల సంది హోటల్ టిఫినే తింటుండు!"

"నీకేంది వయా నవ్వు, నీ మందు నువ్వు తీస్కపో," అన్నాడు దుకాణదారు. అతని ముఖం మాత్రం కొంచెం తేలికపడింది.

"ఈ సంగతి నేను రాయవచ్చా?" అని అడిగాను.

"రాయుండ్రి. బావమరిది అనకుండ్రి, మా దగ్గరోళ్లు అనుండ్రి. లేకుంటే టిఫిను కూడ బంద్ అయితది."

"మరి క్షమాపణ?"

"అదేం వద్దు తియ్యి సార్. ఆ తెలిసే అన్న మాట వెనక్కి తీసుకోండ్రి, చాలు. నేను లాయర్‌కు చెప్త. మేడం రాసింది చూపిచ్చింది నిన్న. మస్తుగ రాసింది. గదే వేయుండ్రి."

నా కాలమ్ దక్కిందని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అయినా మెట్లు దిగుతుంటే చెవిలో మోగింది 'మస్తుగ రాసింది' అన్న మాటే. నా రాత గురించి ఆ మనిషి నోటి నుంచి మంచో చెడో ఒక్క ముక్క వినలేదు.

ఆ మధ్యాహ్నమే కల్లూరు బస్సెక్కాను. చేను చూశాను, ఫొటో తీశాను. చేను యజమాని కూడా అదే చెప్పాడు, బావ మీద నాలుగు తిట్లు అదనంగా కలిపి. తిరుగు బస్సులోంచి డెస్కు ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. ఈసారి హలో నేనే ముందు అన్నాను.

జరిగినదంతా చెప్పాను.

"ఇది నాకు చెప్పలేదే!" అంది ఆవిడ.

"మీరు అడిగి ఉండరు."

"బిల్లులే అడిగాను. ఇంట్లోవాళ్ల చేను సంగతి నాకు తట్టనే లేదు." ఆ గొంతులో ఏదో వినిపించింది. నాకు బాగా పరిచయమున్న జబ్బు అది, ఆ తరగతి రోజు నుంచీ నన్ను వదలనిది. బస్సు కిటికీ పక్కన కూర్చుని దాన్ని ఎంతో తృప్తిగా విన్నాను. ఆవిడ వెంటనే సర్దుకుంది. "రాసి పంపండన్నా. చిన్నగా."

నేను ఒక పేరా రాసి పంపాను. ఆవిడ దాన్ని ఒక్క వాక్యం చేసింది: "దుకాణదారు దగ్గరి బంధువుల చేనులోనూ ఇదే విత్తనం వేశారు, అక్కడా కాయ లేదు." నా పేరాలో ఛాతి దాకా పెరిగిన మొక్కలున్నాయి, కల్లూరు దారిలోని ఎండ ఉంది. అవేవీ ఉంచలేదు. ఉంచకపోవడమే మంచిదని ఆదివారం అచ్చులో చూశాక నాకు కూడా తెలిసింది. నేను అడగలేదన్న చివరి వాక్యం ఉన్నచోటే ఉంది. లాయరు నోటీసు వెనక్కి తీసుకున్నాడు. పక్కనే నా కాలమ్ ఎప్పటిలాగే వచ్చింది. గూడెం వాళ్లూ, దుకాణదారూ కలిసి ఇప్పుడు టోకు వ్యాపారి మీద ఫిర్యాదు నడుపుతున్నారు.

సోమవారం ఎడిటర్ ఫోన్ చేశాడు. "సార్, ఆ వివరణ చదివిన్రా? మేడం ఎంత బాగ రాసిందో! కొత్త విలేకరులకు క్లాసుల దాన్నే చూపిద్దామనుకుంటున్నం."

"బాగా రాసింది," అన్నాను. అది నిజం కనుక అనక తప్పలేదు. "అందులో బంధువుల చేను సంగతి ఉంది చూశారా? అది నేను తెచ్చింది. స్వయంగా వెళ్లి అడిగి తెచ్చాను."

"అట్లనా సార్? మంచి పాయింట్ అది," అని, ఇంకెవరో లైనులో ఉన్నారంటూ పెట్టేశాడు.

మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది, ఎవరు ఫోనని. ఎడిటర్ అన్నాను. ఏమన్నాడంది. నేను తెచ్చిన పాయింట్ మంచిదన్నాడని చెప్పాను. మేడం సంగతి చెప్పలేదు.